రెండు వేళ్లు పైకి

కొలత గోడమీద రాసే ఉంది:
భుజం కుట్టు నుంచి కిందికి ఎనిమిదంగుళాలు.
మగ షర్టు కొలత.
ఆడ షర్టులకూ అదే అచ్చెయ్యమన్నాడు కిషన్‌లాల్ సేటు.

ఒకటి వేసి, తొడుక్కుని,
చప్పల్ బజార్ సందులో మసక అద్దం ముందు నిలబడ్డా.
బంకు పేరు చదివే వంకతో
ఎవరి చూపు ఎక్కడ దిగబడుతుందో
తెలిసింది.

అది ఇప్పుడు మెషిన్ తుడిచే గుడ్డ.
మిగతా నలభై మూడింటికీ
సుద్దముక్కతో కొత్త గుర్తు,
రెండు వేళ్లు పైకి, కాలరు వైపు.
సేటు టేపు పెట్టి చూసి "తప్పు" అన్నాడు.
"తొడుక్కునేది నువ్వా సేటూ?" అన్నా.

నిన్న నల్లకుంటలో
స్కూటీకి నూర్రూపాయల పెట్రోలు.
పైపు పట్టుకున్న పిల్ల
సూటిగా నా కళ్లలోకి చూసి
"జీరో చూస్కో అక్కా" అంది.