ఎడమ వెనక డోరు

బ్రాడ్‌మెడోస్‌లో మా డ్రైవ్‌వే మీద
నాలుగు ఇటుకల దొంతర్లెక్కి కూర్చుంది ఫాల్కన్.
మొత్తంగా అమ్మితే తుక్కు,
మూడు వందల డాలర్లు.
విప్పితే ముక్కముక్కకీ ఒక బేరం.

పక్కింటి గ్రేమ్ స్పానర్లు పట్టుకొచ్చాడు.
ఈ రోడ్డు చివర మూతపడ్డ ఫ్యాక్టరీలోనే
పంతొమ్మిదేళ్లు డోర్లు బిగించాడట.
బిగించిన చేతికి విప్పడం ఓ పట్టాన రాదు.
ప్రతి బోల్టునీ ముందోసారి కుడికి తిప్పి
నాలిక కరుచుకుంటున్నాడు.

రేడియేటర్ ఒక హజారా కుర్రాడు భుజానేసుకుపోయాడు.
గేర్‌బాక్స్ బేరం రెండు టీల దాకా సాగింది.
మీటరు మాత్రం ఎవరికీ అక్కర్లేదు.
మూడు లక్షల పన్నెండు వేల కిలోమీటర్లు,
వంటింటి కిటికీలో
కొత్తిమీర కుండీ పక్కన పెట్టాను.

ఎడమ వెనక డోరు కొన్నాయన
ఆదివారం పొద్దున్నే ఫోను:
లోపలేదో గలగలమంటోందని.

నాకు తెలుసు.
నాలుగేళ్లప్పుడు మా నిహిర
అద్దం దిగే సందుని హుండీ అనుకునేది.
ఎర్ర లైటు పడ్డప్పుడల్లా
పది సెంట్లు అందులో వేసి
పచ్చది రావాలని దండం పెట్టేది.
వచ్చేది కూడా.

"పాత బండి కదండీ," అన్నాను.
విప్పి చూడనా, అన్నాడు.
"వద్దులెండి. ఉండనివ్వండి.
సిగ్నళ్ల దగ్గర పనికొస్తుంది."