నలభై మందిమి

ప్రాణహిత సన్నబడి ఇసుక తేలిన చైత్రంలో
సిరొంచకి మంగోలులు వచ్చారు,
మూడు లారీల్లో, గడ్డాలు గోనెసంచుల్లో నింపుకొని.

రోజుకి నాలుగొందలు, మధ్యాహ్నం పులావు.
డిపోలో దుంగలు మోసేవాళ్లు, పుట్టి నడిపేవాళ్లు,
మరాఠీ బడిలో పదో తరగతి తప్పిన నేను,
అంతా కలిపితే నలభై మందిమి తేలాం.
తెరమీద పదివేలు కావాలట.

అందుకని కెమెరా ముందునుంచి ఉరికి
గుడారం వెనకనుంచి తిరిగొచ్చి
టోపీ మార్చుకుని మళ్లీ ఉరికేవాళ్లం.
ఓదెలు ఒక్కడే పదకొండుసార్లు దండెత్తాడు.
పన్నెండోసారి ఆయాసంతో కూలబడితే
బాగా చచ్చావు, అలాగే పడుండు అని
హిందీలో మెచ్చుకున్నారు.
ఇంకో టేకు అన్నారు.
టేకంటే అప్పటిదాకా మాకు చెట్టే.

తిన్నాక మమ్మల్నే కోటలోకి తోలారు.
పొద్దున మేం చంపడానికొచ్చిన వీరులం
ఇప్పుడు మేమే.
గడ్డాలు పీకి, నుదుట కుంకం దిద్ది
అరవైమందే మిగిలిన సైన్యమన్నారు.
ఆ అరవైకీ ఇరవై తక్కువ.
అట్టగోడ మీద నిలబడి
ఖాళీ ఇసుకవైపు చూసి పళ్లు కొరకాలి.
అటు ఎవరూ లేరు,
పొద్దుటి మా అడుగులు తప్ప.

నీ కళ్లలో శత్రువు కనబడట్లేదని
అసిస్టెంటు కుర్రాడు గదమాయించాడు.
మా గడప దాటి లోపలికొచ్చి
అమ్మ వండిన అన్నం గిన్నెని
తేలించుకుపోయిన నదిని తలుచుకున్నాను.
ఒక్కసారికే సరిపోయింది.

మూడోనాడు నిజం గుర్రాలు దిగాయి, ఎనిమిది.
నాగపూర్‌లో పెళ్లికొడుకుల్ని మోసేవి.
బ్యాండు మోగందే అడుగు కదపవు.
స్పీకర్లో బరాత్ పాట పెట్టాక
దండయాత్ర మొదలైంది.

దారిలో లసుమక్క పుచ్చతోట.
నది నాలుగు నెలలకి ఇచ్చే చేను,
మొదలుకొక గుంట తవ్వి
బిందెతో నీళ్లు పోసి పెంచిన తీగ.
డెక్క పడి కాయ పగిలింది.
మేకప్పతను బకెట్లో కలిపిన నెత్తురు
దాని పక్కన వెలవెలబోయింది.

ముసలామె లేచింది.
చేతిలో కాకుల్ని తోలే కర్ర.
ఎదురుగా ఎనిమిది గుర్రాలు, నలభైమంది మేము,
మా వెనక పొగ, పొగమీద క్రేను.
"ఎవడ్రా మీరు! మీ దినాలు గాను!
ఇంకొక్క తీగ తొక్కితే
గుర్రాన్నీ మనిషినీ ఈడ్నే బొందపెడత!"

ముందు గుర్రం ఆగింది.
వంగి, పగిలిన కాయ కొరికింది.
పాట ఆగలేదు.
నా చేతిలో ఈటె, వెదురుకి వెండి కాగితం.
గడ్డంలోంచి నన్ను పోల్చుకుంది.
"నువ్వు బానయ్య కొడుకువి గాదూ?"

ఈటె కింద పెట్టాను.
మంగోలులు ఓడడానికి
కథలో ఇంకా యాభై నిమిషాలుంది.

మేనేజరు రెండువేలు ఇచ్చాడు.
ఆమె నోట్లు కొంగున ముడేసుకుని
చీకటిపడేదాకా తీగలు లెక్కపెట్టింది.

మరుసటేడు బొమ్మ వచ్చింది.
రాత్రి బస్సెక్కి చంద్రపూర్ పోయి చూశాం.
పదివేలమందిలో
మాకు మేం దొరకలేదు.
ఓదెలు చావు కోసేశారు.
వీరుడు ఏవో మాటలు చెప్పాడు, హాలంతా ఈలలు.
ఆ తర్వాత
ఎడమ మూల, పొగ చీలినచోట
ఒక కర్ర లేచింది.
రెండు క్షణాలు.
నోరు కదులుతోంది. నగారాలు మింగేశాయి.
మా వరసలో పదకొండుమందిమి
ఆ తిట్టుని మొత్తం పైకి చదివాం.
ముందు సీట్లవాళ్లు వెనక్కి తిరిగి చూశారు.

తెల్లారి ఊరు చేరి
నువ్వు బొమ్మలో ఉన్నావని చెబితే
లసుమక్క గుంట తవ్వడం ఆపకుండా
"కాయలు కనబడ్డయా?" అంది.