నేనెరుగుదును

మూడోసారీ ఎర్రగానే వెలిగింది.
"ఇంకోసారి పెట్టమ్మా, గట్టిగా నొక్కు."
పలాసలో తెల్లవారు పాసింజరెక్కి
ఆమదాలవలసలో దిగి, బస్సు మారి
ఎచ్చెర్ల దాకా వచ్చిన బొటనవేలు
నా బల్లమీది చిన్న గాజుపలకకి
తనెవరో చెప్పుకోలేకపోతోంది.

పద్దెనిమిదేళ్ళు జీడిపిక్కలు కొట్టిన వేలు.
పిక్కనూనె తిన్నది తినగా మిగిలింది.
గీతల్లేవు.

"ఏటి బాబూ, నా ఏలు నాది కాదంతందా?"
అని నవ్వింది. నేను నవ్వలేదు.
స్కాలర్‌షిప్ సెక్షన్లో పదకొండేళ్ళుగా
నవ్వొచ్చినప్పుడు ఫైలు తిరగేయడం నా అలవాటు.

బైరి ఊర్వశి, ఎమ్మెస్సీ, రెండో సెమిస్టరు.
బకాయి ఇరవై రెండు వేల నాలుగు వందలు.
సాయం పడాల్సింది తల్లి ఖాతాలో,
ముద్ర వెయ్యాల్సింది తల్లి.
ఆదాయం పత్రమేమో నిరుడిది.
నిరుడు బట్టీ ఆరు రోజులూ మండింది.
ఈ ఏడు పప్పు అడిగేవాడు లేడు,
బస్తాలు షెడ్డులో ముక్కిపోతున్నాయి,
వారానికి రెండు రోజులే పిలుపు.
నా ఫారానికి నిరుడు మాత్రమే తెలుసు.

"మూసేసినట్టు ఓనరు దగ్గర కాగితం తెస్తే..." అన్నాను.
పిల్ల తలెత్తింది.
"మూయలేదు సార్. తెరవడమూ లేదు."
అలాంటి దానికి కాగితం ఎవరిస్తారు?

మిషనే పాడైందేమోనని
నా వేలు పెట్టి చూశాను.
పెట్టీ పెట్టకముందే పచ్చగా వెలిగింది,
పేరూ, ఉద్యోగం నంబరూ గడగడా అప్పజెప్పింది.
కాగితం అంచు కోసుకోవడం తప్ప
ఏ గాయమూ ఎరగని వేలు!
దమయంతమ్మ దాన్ని తేరిపార చూసి
"మంచి ఏలు బాబూ" అంది, మెచ్చుకోలుగానే.
చెయ్యి బల్ల కిందకి లాక్కున్నాను.

రూలు పుస్తకంలో ఎక్కడో అడుగున ఒక దారుంది.
ముద్ర పడనివారిని
ఎరిగిన ఉద్యోగి ఒకరు ధ్రువీకరించవచ్చు.
ఎవరూ వాడరు. రేపు ఆడిట్ అడిగితే
ఎలా ఎరుగుదువంటే ఏం చెప్పాలి?

"ఈమెను నేనెరుగుదును" అని రాశాను.
ఎంతసేపటి నుంచి ఎరుగుదునో
రాయడానికి గడి లేదు, అదే నయం.

ఫైలు పైకి వెళ్ళి ఇరవై రోజులైంది.
పైవాళ్ళ మిషను ఏ రంగు వెలిగిందో తెలీదు.
పరీక్ష ఫీజు గడువు శుక్రవారం.
ఊర్వశి రోజూ కిటికీ దాకా వచ్చి
నా మొహం చూసి, అడక్కుండానే వెళ్ళిపోతోంది.

ఈ పొద్దు వరసలో మొదటి మనిషి
రాజాం వైపు గోనెనార మిల్లు నుంచి వచ్చాడట.
పేరు అడిగాను.
అరచేతులు చూపించాడు.