ఫారం మీద మరక

మూసారాంబాగ్ వంతెన దిగినంక
ఎడమ దిక్కు, టైర్ల దుకాణం పక్క సందు.
నేను ఆల్టో కింద పండుకొని ఉన్న.
రెండు జతల కాళ్లొచ్చి నిలవడ్డయి.
అరిగిన రబ్బరు చెప్పులొకటి, బడి బూట్లొకటి.
"బిడ్డా, నువ్వు ఐటీఐ చదివినవంట గద,"
అన్నది రబ్బరు చెప్పు.
"మావోడు పది పాసయిండు. చేర్పియ్యాల్నా?
లేకుంటే ఈడనే పనిల వెట్టాల్నా?
రెండేండ్లు ఊకెనే పోతయా?"

చాంబర్ బోల్టు నుంచి ఒక నూనె చుక్క
నా నుదుట వడ్డది.
జవాబు చెప్పలే.

మల్లేపల్లిల మాకొక ఇంజన్ ఉండె.
నిలువునా కోసి రంగులేసిన ఇంజన్.
గాలి వచ్చే తొవ్వకు నీలం,
పొగ పోయే తొవ్వకు ఎరుపు.
చెయ్యితో తిప్పితే పిస్టన్
మర్యాదగా లేచేది, మర్యాదగా దిగేది.
చుట్టూ నిలవడి
సక్షన్, కంప్రెషన్, పవర్, ఎగ్జాస్ట్ అని
ఎక్కాల తీరు చదివినం.
అది ఏనాడూ పెట్రోలు తాగలే.
ఎవ్వరి చెయ్యీ కాల్చలే.

షెడ్డుల మొదటి దినం
వహీద్ ఉస్తాద్ నా సర్టిఫికెట్ చూసి
"మాషా అల్లా, ఫోటో మంచిగొచ్చింది" అన్నడు.
గ్లాసుల స్టాండు చేతిల వెట్టి
చాయ్ తెమ్మన్నడు.
పన్నెండు పదమూడు పానా అడిగితే
నేను నంబర్లు చదువుకుంట వెతుకుతున్న.
ఎనిమిదేండ్ల సంది ఉన్న ఫసీ
చూడకుండనే అందిచ్చిండు.
ఆ రాత్రి నిద్ర రాలే.
బస్ పాసు, రికార్డు బుక్కులు,
అమ్మ కుదువ వెట్టిన కడియం
అన్నీ ఆ పానా చుట్టే తిరిగినయి.

ఉస్తాద్ వాల్వులు సదిరేటప్పుడు
రెండు గడ్డం బ్లేడ్లు జోడించి సందుల దూరుస్తడు.
"రెండే ఎందుకు?" అన్న.
"మా ఉస్తాద్ రెండే వెట్టిండు."
ఒకనాడు మైక్రోమీటరు తెచ్చి బ్లేడు కొలిచిన.
పాయింటు ఒకటి మిల్లీమీటరు.
రెండు కలిపితే, ఆ బండి పుస్తకంల రాసిన లెక్కే.
చెప్పిన.
ఆయన బ్లేడును వెలుగుకు పట్టి
చానాసేపు చూసిండు,
నలభై ఏండ్లు ఇంట్ల ఉన్న మనిషి పేరు
ఇప్పుడే తెలిసినట్టు.
"మళ్ల చెప్పు."
ఇగ షటరు దించినంక రోజూ ఒక పేజీ.
నేను చదువుత, ఆయన కండ్లు మూసుకొని వింటడు.
"తప్పు. గట్ల ఇప్పితే బోల్టు ఇరుగుతది,"
అంటడు నడుమల, పుస్తకాన్ని.

మొన్నొక కొత్త కారొచ్చింది.
సెన్సార్ పోయిందన్నది నా స్కానర్.
ఆరు వేలు అనే మాట నా నాలుక చివర్న ఉంది.
ఆయన బానెట్ల తల వెట్టి వాసన చూసి
"ఎలుక" అన్నడు.
కొరికిన వైరు, జానెడు టేపు. అయిపాయె.

ఆ మనిషినే ఒకప్పుడు
షోరూం గేటు కాడ వాచ్‌మన్ ఆపిండు,
కాగితం ఉందా అని.
కాగితమున్న నా దోస్తు అశ్విత్
ఇప్పుడు ఉప్పల్ల అన్నం పొట్లాలు పంచుతడు.
బండి ఆగితే నాకే ఫోన్ చేస్తడు.

ఇదంతా ఈమెకు ఏడికెళ్లి మొదలువెట్టాలె?
జరుక్కుంట బయటికొచ్చిన.
పిలగాడు నన్ను చూస్తలేడు.
ఇప్పిన గేర్‌బాక్సు ముందట గొంతుక్కూసొని
పెదవులు కదుపుకుంట పండ్లు లెక్కవెడుతున్నడు.
"ఏందిరా?"
"అన్నా, దీనికి పంతొమ్మిది, దానికి ముప్పై ఏడు.
ఇంకొకటి వెడితే సరిగ్గ రెండింతలు గద.
ఎందుకు వెట్టలే?"

ఉస్తాద్ నా దిక్కు చూసి నవ్విండు.
ఆ పాఠం చెప్పిననాడు
నేను మ్యాటినీల ఉన్న.

"ఫారం ఇటియ్యమ్మా," అన్న.
ట్రేడు పేరు రాసేకాడ
నా బొటనవేలు నల్లగ వడ్డది.
ఆమె కొంగుతో తుడిచింది, ఇంకింత పాకింది.
"గిట్లుంటే తీసుకుంటరా బిడ్డా?"
పిలగాడు
ఇంకో గేరు లెక్క మొదలువెట్టిండు.