చెనక్కాయ మూటల మీద పెండ్లి

కల్యాణ మంటపం వద్దంది మా చిన్నత్త.
"రాయదుర్గంలో ఏసీ హాలు మాట్లాడతా" అని మా నాయన అంటే
"ఆ హాలు ముందర పదహైదేండ్లు బస్సాపినా.
దాంట్లోనించి బయటికొచ్చే మొగాలు చూసినా" అంది.
అంతే.
కండక్టరు రైటన్నాక బండి ఆగదు కదా.

ముప్పై ఎనిమిదేండ్ల పెండ్లికూతురు.
టికెట్ల సంచి మోసీ మోసీ
ఎడమ భుజం రవ్వంత దిగిపోయుంటాది.
పెండ్లికొడుకు వన్నూరప్ప తాడిపత్రిలో బండలు కోస్తాడు.
ఎంత తోమి పోసుకున్నా
కనుబొమల్లో బండదుమ్ము పోదు.
దూరంనించి చూస్తే ముసలాయన,
దగ్గరికొస్తే పిల్లోడు.

ఆ ఏడు చెనక్కాయకి ధర రాలేదు.
పడసాల నిండా మూటలే,
పడుకుంటే కాళ్ళు చాపే సందు లేదు.
"కుర్చీలకి బాడుగెందుకు" అంది అవ్వ.
మూటలన్నీ బయటికి దొర్లించి
చప్పరం చుట్టూ పరిచినాం.
చప్పరమంటే, టమోటా తోటలో మూలపడిన డ్రిప్పు పైపులు,
వంచి కట్టి, పైన కానుగ కొమ్మలు.
ఒక పైపులో నీళ్ళింకా మిగిలుండి
సరిగ్గా మా మామ నెత్తిన కారినాయి.

ముందు రోజు రేతిరి
బేడలు రుబ్బేది నాయన, బెల్లం కొట్టేది నేను,
ఓళిగలు తట్టేది ఊళ్ళో చేతులున్నోళ్ళంతా.
వన్నూరప్ప ఊరికే కూర్చోలేక
కత్తిపీట లాక్కుని వంకాయలు కోసినాడు.
పెండ్లికొడుకు కత్తి పట్టగూడదంట.
ఎవురు చెప్పినారో ఎవురికీ గుర్తులేదు.
కొలిచి కోసినట్టు అన్నీ ఒకే తీరు,
అవ్వ ఒక ముక్కని దీపం దగ్గర పట్టుకుని చూసి
"పిల్ల బతుకుతాది లే" అంది.

పొద్దున ముహూర్తం పది పన్నెండుకి.
అయ్యవారి బండి పంచరై
పదీ పదికి వచ్చినాడు, చెమటలు కక్కుకుంటా.
తప్పెటోళ్ళు ఇంకా ఇంటెనక టీ తాగుతుండారు.
"వాయించండ్రా!" అని నాయన అరిచేది
మంత్రాల్లో కలిసిపోయింది.
అప్పుడొచ్చింది అనంతపురం బస్సు.
మలుపు కాడ మస్తాన్‌వలీ
రెండు చేతుల్తో హారన్ మీద పడినాడు,
అత్తతో పదేండ్లు బండి తోలినోడు.
ఆ మోతలోనే మూడు ముళ్ళు పడినాయి.
కొట్టంలో ఎనుము తాడు తెంపుకునింది.

బస్సు బస్సంతా దిగినారు.
కంటి ఆపరేషనుకి పోతున్న ఒక ముసలామె
తడుముకుంటా వచ్చి
అక్షింతలు మా మామ మీదేసి దీవించింది.
మళ్ళీ ఇస్తే మళ్ళీ ఆయన మీదే.
తలంబ్రాల నడుమ మా అత్త
తలెత్తి కొత్త కండక్టరు పిల్లోణ్ణి అడిగింది:
"వెనక సీట్లో పడుకున్నాయనకి టికెట్ కొట్టినావా లేదా?"
వాడు పరిగెత్తి పోయినాడు.

ఇంక తిన్నారు. తినేది ఒక పద్ధతిగా లేదు.
విస్తరి ముందర కూర్చున్నోళ్ళు కొందరు,
మూట మీద కూర్చుని ఓళిగ మడిచి తినేటోళ్ళు కొందరు.
మాటల్లో పడి ఎవురో గోనెలో వేలు పెట్టినారు.
ఒక చిల్లు. తర్వాత ఇంకోటి.
పటుక్ పటుక్‌మని వొలిచే చప్పుడు
తప్పెట ఆగినాక గూడా ఆగలేదు.

మాపటికి ఒకటిన్నర మూట ఖాళీ.
వాకిలి నిండా పొట్టు, కాలు పెడితే కరకర.
నాయన నడుం మీద చెయ్యేసుకుని నిలబడినాడు.
తిడతాడేమో అనుకున్నా.
"మండీలో పిడికిట్లోకి తీసుకుని పారేసినారు నా కాయల్ని" అన్నాడు.
ఇంకేమీ అనలేదు.
వంగి ఒక కాయ ఏరుకుని, వొలిచి,
నోట్లో ఏసుకున్నాడు.

తెల్లారి అదే బస్సుకి పోయినారు.
"నాకు పాసుంది, ఆయనకొకటి కొట్టు" అంది అత్త.
చిల్లర సరిగ్గా తీసిచ్చినాడు మామ,
దానికే ఆమె మొగం విచ్చుకునింది.
కిటికీ పక్కన కూర్చుంది,
ఆ బస్సులో ఎప్పుడూ కూర్చోని చోట.
జడలో పొట్టొకటి ఇరుక్కునుంది.
చెప్దామని నేను చెయ్యెత్తితే
టాటా అనుకుని
ఆమె గూడా చెయ్యెత్తింది.