చిటికెన వేలు

వారాంతంలో కొత్త వెర్షన్ ఎక్కించింది నేనే.
సోమవారం ఒందీనాకి చెప్పడం మరిచిపోయిందీ నేనే.

త్రియెస్తెలో, శ్మశానానికి రెండు వీధులివతల
మా కొట్టు.
పోయినవాళ్ల ముఖాలు పింగాణీ మీద కాల్చి ఇస్తాం.
కోడిగుడ్డు ఆకారపు పలక,
తొమ్మిది సెంటీమీటర్ల వెడల్పు, పన్నెండు ఎత్తు.
సమాధి రాయిలో సరిగ్గా కూర్చోవాలి,
బోరా గాలికి ఊడకూడదు.

ఇరవై ఆరేళ్లుగా ఒందీనా
ఎడమ చిటికెన వేలితో షిఫ్ట్ నొక్కిపట్టి
కుడి చేత్తో బొమ్మ మూల పట్టుకుని లాగుతుంది.
ముఖం పెరుగుతుంది, తరుగుతుంది,
ముక్కుకీ చెవికీ మధ్య ఒప్పందం మాత్రం చెదరదు.
ఆ వేలు ఏం చేస్తోందో ఆమెకి తెలియదు.
అడిగితే కిందికి చూసుకుని చెబుతుంది,
నిద్రలో దుప్పటి లాక్కున్నవాళ్లలా.

కొత్తదాంట్లో ఏమీ నొక్కకపోతేనే కొలత నిలుస్తుంది.
షిఫ్ట్ నొక్కితే విడిపోతుంది.
నాకది మార్పుల జాబితాలో పదిహేడో వరుస.
చదివాను కూడా.

బుధవారం నెరీనా వాస్కోత్తో వచ్చింది,
టగ్ బోటు నడిపిన ఊగో భార్య.
పలక చేతిలోకి తీసుకుంది. కళ్లజోడు మార్చింది.
"బాగుంది," అంది. "కానీ ఈయన మా ఆయన కాదు.
టుల్లియో. మా మరిది."

నిజమే. ఊగోది కోలముఖం.
ఎనిమిది వందల డిగ్రీల దగ్గర శాశ్వతమైపోయిన ఈయనకి
బుగ్గలున్నాయి,
మధ్యాహ్నం కునుకు తీసేవాడి నిదానం ఉంది.
నూటికి పదకొండు పాళ్ల వెడల్పు
ఒక మనిషిని తమ్ముడి ఇంటికి చేర్చింది.

నెరీనా పలకని వెంటనే తిరిగివ్వలేదు.
బొటనవేలితో ఆ బుగ్గని ఒకసారి తుడిచింది.
అక్కడ దుమ్మేమీ లేదు.
"టుల్లియో ఇంకా బతికే ఉన్నాడు," అంది,
"తొందరపడకండి."

ఒందీనా తెర ముందు కూర్చుంది.
వేలు ఆనించి లాగింది. వేలు ఎత్తి లాగింది.
"డార్కో, రాత్రికి రాత్రి
తలుపు మడతబందులు అవతలి పక్కకి మార్చావు.
నేను గోడని తోస్తున్నాను."

సర్దిచెప్పబోయాను.
ముఖం ముఖంలా ఉండాలంటే
ప్రతిసారీ ఒక మీట బతిమాలాలా?
కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఇదే న్యాయం.
"న్యాయమే," అంది. "మరి రెండో గదిలో?"

రెండో గదిలో పేర్లు చెక్కే లేజరు యంత్రం.
దాని ప్రోగ్రాం వేరే కంపెనీది,
అక్కడ షిఫ్ట్ ఇంకా పాత మాట మీదే ఉంది.
ఆల్ట్ ఇక్కడ మధ్యనుంచి పెంచుతుంది,
అక్కడ నకలు తీస్తుంది.
కొత్తదాంట్లోనే బొమ్మకి ఒక రకం,
అక్షరాల పెట్టెకి ఇంకో రకం.
ఏ ఎండకా గొడుగు పట్టే మీటలు.
పదడుగుల దూరంలో
ఒకే వేలికి రెండు వ్యాకరణాలు.

వెతికితే దొరికింది, సెట్టింగుల ఆరో పేజీ అడుగున
చిన్న గడి: పాత పద్ధతి.
టిక్కు పెట్టబోతే చెయ్యి పట్టుకుంది.
"వచ్చే ఏడు నేను ఇంటికి పోతాను.
ఈ కుర్చీలో కూర్చునే పిల్ల
నా చేతిని ఎందుకు మోయాలి?"

గడి ఖాళీగానే ఉంది.

ఇప్పుడామె ముఖాలు పెంచుతున్నప్పుడు
చిటికెన వేలు గాలిలో నిక్కి ఉంటుంది,
చిన్న కప్పులో కాఫీ తాగే దొరసానిలా.
"కొంటెస్సా!" అని ఏడిపిస్తాడు
కొలిమి దగ్గర్నుంచి లీవియో.
రెండో గది గడప దగ్గర మాత్రం
ఒక్క క్షణం ఆగుతుంది,
చెయ్యి ముందుకి చాపి చూసుకుంటుంది,
ఎవరింటికి వచ్చామో వేలికి చెబుతున్నట్టు.

ఊగో పలక మళ్లీ కాల్చాం, కోలముఖంతో.
డబ్బు నా జీతంలోంచి.
మొదటిది పారేయబోతే
నెరీనా అడిగి తీసుకుంది,
కాగితంలో చుట్టి సంచి అడుగున పెట్టుకుంది.
ఎందుకని మేమెవరం అడగలేదు.