పదమూడు చుట్లు

ఒంగోలింకా నిద్రలో ఉంటుంది.
మూడింటికి గద్దలగుంట వాల్వు గుంతలో దిగుతాను.
తిప్పే ఇనప చెవి నా భుజమెత్తు.
పదమూడు చుట్లకి వీధి మొత్తానికీ నీళ్లు.
పన్నెండుకే ఆపితే మేడలోళ్లకి తెలీదు,
చివరింటి మస్తాన్‌బీకి తెలుస్తుంది.

ముందు గాలొస్తుంది.
కొళాయిలన్నీ బుసకొడతాయి,
ఆ గాలిక్కూడా మీటరు ముల్లు తిరుగుతుంది.
"గాలికీ బిల్లేనా మాలకొండయ్యా?"
బిందె మీద చెయ్యేసి అడుగుతుందామె.
నాకేం తెలుసు.

మొన్న భూగర్భజలాల కుర్రాడొచ్చి
ఆఫీసు వెనక గొట్టంలోకి టేపు వదిలాడు.
పోతూనే ఉంది. పోతూనే ఉంది.
నీళ్లకి తగిలితే కీచుమంటుందట.
పురుటిగది బయట నిలబడ్డట్టు
ఇద్దరం చెవులొగ్గి నిలబడ్డాం.
ఎప్పటికో కీచుమంది.
అంకె రాసుకున్నాడు గానీ
పైకి చదవలేదు.

సాగర్ కాలవ కట్టేసి ఇరవై రోజులు.
మంచినీళ్ల చెరువులో
కొంగకి మోకాలు తడవడం లేదు.
ఇవాళా పదమూడూ తిప్పాను.
చెయ్యి ఊరుకోక
పద్నాలుగోదాని కోసం బలం పట్టింది.
ఇనుము కదల్లేదు.

పైన, చీకట్లో,
చివరింటి దగ్గర
ఖాళీ బిందె ఒకటి ఠంగుమంది.
నీళ్లో, కాలు తగిలిందో.